జువైనల్ హోమ్‌లో చేరి 19 రోజులైంది. చెయ్యి ఎత్తకుండా ఈ ఉద్యోగం చేయడం కుదురుతుందా?

కొత్తసార్_25 అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నాకు 25 ఏళ్లు, డిగ్రీ చేశాను, రెండేళ్లు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యి ఈవెంట్స్‌లో పోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక మా జిల్లాలో కాంట్రాక్ట్ నోటిఫికేషన్ పడితే అప్లై చేశాను, వచ్చింది. కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే బాలుర అబ్జర్వేషన్ హోమ్‌లో పిల్లల్ని చూసుకునే హౌస్ ఫాదర్ పోస్టు, కానీ అక్కడ అందరూ సూపర్‌వైజర్ సార్ అనే పిలుస్తారు. నెలకి రూ.14,564. ఏ హోమో, ఏ ఊరో చెప్పను, దయచేసి అడగకండి.

ట్రైనింగ్ అంటూ ఏమీ ఇవ్వలేదు. మొదటి రోజు తాళాలు చూపించారు, రిజిస్టర్లు చూపించారు, రెండో రోజే నైట్ డ్యూటీ వేశారు. 38 మంది పిల్లలకి రాత్రి పూట నేనూ, ఒక సీనియరూ. ఎక్కువ మంది సెల్ ఫోన్ చోరీలు, బైక్ దొంగతనాలు, కొందరు గంజాయి కేసులు, ఇద్దరు మర్డర్ కేసు. అందరూ 14 నుంచి 17 ఏళ్ల లోపు.

నా సమస్యలు రెండు. మొదటిది నా తప్పే. చేరిన వారానికే ఒక అబ్బాయి రోజూ నా దగ్గరికి వచ్చి "సార్, మా అమ్మకు నేనిక్కడున్నట్టు ఎర్కనే లేదు, ఒక్కసారి ఫోన్ చేయనీ సార్" అని బతిమాలితే జాలిపడి నా ఫోన్ ఇచ్చాను. పది నిమిషాలు మాట్లాడాడు. మర్నాటి నుంచి నా నంబర్‌కి ఎవరో కుర్రాడు ఫోన్ చేస్తున్నాడు. ముందు బాగున్నారా అన్నా అన్నాడు, తర్వాత ఒక చిన్న ప్యాకెట్ లోపల ఇస్తే 2,000 ఇస్తానన్నాడు. బ్లాక్ చేశాను, వేరే నంబర్ నుంచి చేస్తున్నాడు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, కడుపులో పెట్టుకుని టెన్షన్‌తో చస్తున్నాను.

రెండోది. మొన్న అర్ధరాత్రి దాటాక ఒక పిల్లాడిని తీసుకొచ్చారు. 15 ఏళ్లు ఉంటాయి. ఒక కాలికే చెప్పు ఉంది. బట్టలు మార్పిస్తూ మొలతాడు తీసేయమంటే గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, తీయనంటాడు. మా సీనియర్ చెంప మీద ఒకటి ఇచ్చి తెంపేశాడు. ఆ పిల్లాడు ఏడవలేదు. సీనియర్ వైపు కాదు, నా వైపు చూశాడు. తర్వాత సీనియర్ నాతో "మొదటి రోజే ఒకటి పడితే తర్వాత నీ మాట వింటారు, లేకపోతే నీ నెత్తినెక్కి కూర్చుంటారు, నువ్వు కూడా అలవాటు చేసుకో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, పదేళ్ల నుంచి చేస్తున్నాడు, పండక్కి సొంత డబ్బుతో పిల్లలకి స్వీట్లు తెస్తాడు. కానీ ఆ చూపు నన్ను వదలడం లేదు.

కొట్టకుండా ఈ ఉద్యోగం చేయడం నిజంగా కుదురుతుందా? ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మానేయమంటే మానేస్తాను.

పాతకాపు_సూపర్‌వైజర్ జవాబు

బాబూ, నేను ఈ శాఖలోనే 1993లో చేరి రిటైరయ్యాను. నువ్వు రాసిన మొలతాడు సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. నేనూ కొట్టాను. మేం చేరినప్పుడు 1986 జువైనల్ జస్టిస్ చట్టం ఉండేది, మగపిల్లలకి 16 నిండేవరకే బాలుడి కింద లెక్క. 2000లో కొత్త చట్టం వచ్చి, 2001 ఏప్రిల్ నుంచి అది 18 అయింది. అప్పటిదాకా జైలుకి వెళ్లే వయసు పిల్లలు, మీసాలు వచ్చినవాళ్లు, మనకంటే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు మా దగ్గరికి రావడం మొదలైంది. మాకేమో భయం. ఆ భయాన్ని కప్పుకోడానికి చేతిలో కర్ర పట్టుకుని తిరిగేవాళ్లం. మీ సీనియర్ చెప్పిన మాటే మాకూ మా సీనియర్లు చెప్పారు.

నేను మానేసింది ధర్మం తెలిసి కాదు, ఒక సంఘటన వల్ల. 13 ఏళ్ల పిల్లాడొకడు పది రోజులుగా అన్నం సరిగా తినడం లేదు, బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లడం లేదు, పక్క తడుపుతున్నాడు. నేను చూశాను, దొంగవేషాలు అనుకున్నాను. తీరా తెలిసింది ఏమిటంటే పెద్ద పిల్లలు ఇద్దరు వాడిని స్నానాల గదిలో పాడు చేస్తున్నారు. ఆ సంగతి డార్మిటరీలో ఉన్న ఇరవై మందికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు. తర్వాత ఒక పిల్లాడిని పిలిచి "ఒరేయ్, నాకెందుకు చెప్పలేదురా" అని అడిగితే, "చెప్తే ముందు నన్నే కొడతారనుకున్నా సార్" అన్నాడు. నేను అంతకు ముందు వారమే వాడిని సబ్బు ముక్క దగ్గర గొడవకి కొట్టి ఉన్నాను.

ఆ రోజు నాకు అర్థమైంది. ఆ గోడల లోపల మనకున్న ఆయుధం ఒకటే, కబురు. ఎవడు ఎవడిని ఏడిపిస్తున్నాడు, ఎవడి దగ్గర బ్లేడు ముక్క ఉంది, ఎవడు ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలో ఉన్నాడు, ఎవడు గోడ దూకాలని చూస్తున్నాడు, ఇవన్నీ పిల్లలకి ముందే తెలుస్తాయి. నువ్వు కొట్టే మనిషివైతే ఆ కబురు నీదాకా రాదు. 38 మందికి ఇద్దరున్నారు మీరు, నాలుగు కళ్లతో ఎంతని చూస్తారు? పిల్లలు నీ చెవిలో వేయకపోతే నువ్వు ఆ బిల్డింగ్‌లో గుడ్డివాడివే.

ఇక మొలతాడు. అది తీయించడం తప్పు కాదు బాబూ, తీయించాలి. తాడు, బెల్టు, నాడా, లుంగీ పీలిక, ఏదైనా సరే, మొదటి రాత్రి పిల్లాడి దగ్గర ఉండకూడదు, ఎందుకో నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. తీయించే పద్ధతిలోనే ఉంది అంతా. నేను తర్వాత్తర్వాత ఏం చేసేవాడినంటే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవాడిని. "అన్నం తిన్నావా" అని అడిగేవాడిని. చాలామంది ఆ పూటంతా స్టేషన్‌లోనే ఉండి ఏమీ తిని ఉండరు. వంటగదిలో మిగిలింది ఏదుంటే అది, ఏమీ లేకపోతే రెండు అరటిపళ్లయినా. తర్వాత ఒక కవరు తీసి వాడి ముందే పేరు రాసి, "ఇదిగో, నీ మొలతాడు, నీ తాయెత్తు ఇందులో పెడుతున్నా, నీ కళ్లముందే అంటిస్తున్నా, నువ్వు వెళ్లే రోజు నీ చేతికిస్తా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అనేవాడిని. మొలతాడు వాళ్లమ్మ కట్టి ఉంటుంది. తెంపితే వాడికి అది తాడు తెగినట్టు కాదు. ఇన్నేళ్లలో కవరు చూపించాక కూడా ఇవ్వనన్న పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. వాళ్లతోనైనా ఇంకో అరగంట కూర్చుంటే సరిపోయింది. కానీ ఒక్క మాట, విడుదల రోజు ఆ కవరు నిజంగా ఇవ్వాలి. ఒక్కసారి కవరు పోయిందని చెప్పావా, ఆ తర్వాత వచ్చే ఏ పిల్లాడూ నీకు ఏదీ ఇవ్వడు. ఆ వార్త లోపల నువ్వు అనుకున్నదాని కంటే త్వరగా తిరుగుతుంది.

ఇంకొన్ని. లెక్క తీసుకునేటప్పుడు తలలు లెక్కపెట్టకు, ముఖాలు చూడు. దుప్పటి ముసుగు తన్ని పడుకున్నవాడి ముఖం చూడందే తర్వాతి మంచానికి కదలకు. ఎప్పుడు ఏం జరుగుతుందో కొన్నాళ్లకి నీకే తెలుస్తుంది. ములాఖత్ రోజు సాయంత్రం జాగ్రత్త. ఇంటివాళ్లు వచ్చినవాళ్లు ఏడుస్తూ ఉంటారు, రానివాళ్లు కోపంగా ఉంటారు, ఆ రెండు రకాలనీ ఒకే గదిలో పెట్టి నువ్వు బయట కుర్చీ వేసుకుంటే గొడవ ఖాయం. వాయిదాకి వెళ్లి బెయిల్ రాకుండా తిరిగొచ్చినవాడి పక్కన ఆ రాత్రి కాసేపు కూర్చో. ఏమీ మాట్లాడక్కర్లేదు. గంజాయి, వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే అలవాటుతో వచ్చినవాళ్లు మొదటి కొన్ని రోజులు చెమటలు పట్టి, వణుకుతూ, నిద్ర లేక అరుస్తారు. నాటకాలనుకోకు, డాక్టర్‌కి చూపించమని రాసిపెట్టు. రిజిస్టర్‌లో టైముతో సహా రాయి.

లీగల్ఎయిడ్_లాయర్ జవాబు

బ్రదర్, నేను పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సహాయం) తరఫున వాళ్ల కేసులు చూస్తుంటాను. పెద్దాయన చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత కలుపుతాను, ఎందుకంటే ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లకి ఇది ఎవరూ చెప్పడం లేదు.

ఇప్పుడు నడుస్తున్నది 2015 జువైనల్ జస్టిస్ చట్టం, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 82 సరిగ్గా నీలాంటి వాళ్ల కోసమే. క్రమశిక్షణ పేరుతో హోమ్‌లో పిల్లాడిని కొడితే మొదటిసారి 10,000 జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. దానికంటే పెద్దది ఏమిటంటే శిక్ష పడితే ఉద్యోగం నుంచి తీసేయవచ్చు, ఇక పిల్లలతో నేరుగా పనిచేసే ఏ ఉద్యోగమూ చేయనివ్వరు. హింస కిందికి వచ్చేంత దెబ్బలైతే సెక్షన్ 75, హోమ్ ఉద్యోగికి ఐదేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల వరకు జరిమానా. "అందరూ కొడతారు, నేనూ కొట్టాను" అన్న మాట బోర్డు ముందు పనికిరాదు. సీనియర్ చెప్పాడు అన్నా పనికిరాదు. సీసీ కెమెరాలో నువ్వు పక్కన నిలబడి ఉన్నది కూడా కనబడుతుంది, అది గుర్తుపెట్టుకో.

ఫోన్ విషయం మాత్రం ఈ రోజే తేల్చుకో, రేపటికి ఉంచకు. తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాయి: ఏ తేదీన ఏ పిల్లాడికి ఫోన్ ఇచ్చావు, ఎన్ని నిమిషాలు, తర్వాత ఏ నంబర్ల నుంచి కాల్స్ వచ్చాయి, ఏం అడిగారు. సూపరింటెండెంట్‌కి ఇచ్చి, కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం తీసుకో. కాల్ లిస్ట్ డిలీట్ చేయకు. మెమో ఇస్తారేమో, ఇవ్వనీ. ఇప్పుడు నువ్వు చెబితే అది తెలియక చేసిన పొరపాటు. రెండు నెలల తర్వాత ఎవరి దగ్గరో గంజాయి దొరికి నీ నంబర్ బయటపడితే దానికి వేరే పేరు పెడతారు. అలా ఉద్యోగం పోగొట్టుకున్న ఒకతన్ని నేనెరుగుదును, అతను ప్యాకెట్ ఇవ్వలేదు, ఇవ్వనని కూడా ఎవరికీ చెప్పలేదు.

అలాగే ఆ పిల్లాడు నిన్ను వాడుకున్నాడని వాడి మీద పగ పెట్టుకోకు. వాళ్లమ్మకి తెలియదన్న మాట నిజమే కావచ్చు. పిల్లాడిని పట్టుకుంటే తల్లిదండ్రులకి చెప్పాల్సిన బాధ్యత పోలీసులది, తర్వాత కనుక్కోవాల్సింది పిల్లాడి ఇంటి పరిస్థితులు విచారించి బోర్డుకి చెప్పే ప్రొబేషన్ ఆఫీసర్. నీ దగ్గరికి వచ్చి ఇంట్లో తెలియదన్నాడంటే, వెంటనే ఆఫీసు ఫోన్ నుంచి, రిజిస్టర్‌లో రాసి చేయించు. సొంత ఫోన్ లోపలికే తీసుకెళ్లకు. ఫోటోలు అసలు వద్దు, పండగ రోజు కేక్ కోసినా సరే. పిల్లాడెవరో తెలిసేలా బయటపెడితే సెక్షన్ 74 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, రెండూ కూడా పడవచ్చు. వాట్సాప్ స్టేటస్ పెట్టి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

ఇంకో ముఖ్యమైనది, ఇది నీ చేతిలో ఉన్న పని. ఈ పిల్లలకి బెయిల్ రూలు, మినహాయింపు కాదు. సెక్షన్ 12 ప్రకారం ఎంత పెద్ద కేసైనా బెయిల్ ఇవ్వాలి, బయటికెళ్తే నేరగాళ్ల చేతిలో పడతాడనో, ప్రమాదంలో పడతాడనో, న్యాయానికే దెబ్బ తగులుతుందనో కారణం రాస్తే తప్ప ఆపకూడదు. అయినా ఎందుకు లోపల ఉంటారంటే, బెయిల్ వచ్చి కూడా పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక. అదే సెక్షన్‌లో నాలుగో క్లాజు ఉంది: బెయిల్ ఆర్డర్ వచ్చిన ఏడు రోజుల్లో షరతులు తీర్చలేకపోతే పిల్లాడిని మళ్లీ బోర్డు ముందు పెట్టి షరతులు మార్పించాలి. ఇది చాలాచోట్ల మరిచిపోతారు. నీ దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో, ఎవరికి బెయిల్ ఎప్పుడు వచ్చింది, ఏడో రోజు ఎప్పుడు, వాయిదా ఎప్పుడు. ఎనిమిదో రోజు ఇంకా లోపలే ఉంటే ప్రొబేషన్ ఆఫీసర్‌కో, మాకో చెప్పు. నీ ఒక్క మాటతో ఒక పిల్లాడు నెల ముందు ఇంటికి వెళ్తాడు.

హోమ్‌మదర్_అక్క జవాబు

తమ్ముడూ, నేను అమ్మాయిల హోమ్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. హైదరాబాద్‌లో అబ్బాయిలకి సైదాబాద్, అమ్మాయిలకి నింబోలిఅడ్డ అని అందరికీ తెలుసు, నాది ఆ రెండూ కాదులే. మా దగ్గర కేసుల మీద వచ్చేవాళ్లు తక్కువ, రక్షణ కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. అయినా మొదటి రాత్రి అందరిదీ ఒకేలా ఉంటుంది.

నీ సీనియర్ గురించి ఒక మాట చెప్పాలి. పదేళ్లు చేసి, జీతం నెలల తరబడి ఆలస్యమై, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడే చేస్తే మనిషి మొద్దుబారిపోతాడు. నాకూ ఒక దశలో అలాగే అయింది, చెయ్యి చేసుకోలేదు గానీ నోటితో ఎంత మాటలన్నానో నాకు తెలుసు, ఒక పిల్ల నేనన్న మాటకి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయన్ని పిల్లల ముందు ఎదిరించకు. అలా చేస్తే ఆయన కోపం నీ మీద కాదు, నువ్వు లేని షిఫ్ట్‌లో ఆ పిల్లాడి మీద తీరుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, టీ తాగేటప్పుడు చెప్పు, "అన్నా, కొత్తవాళ్లు వచ్చినప్పుడు బట్టలు మార్పించే పని నేను చూసుకుంటా, మీరు పేపర్లు చూడండి" అని. పని పంచుకున్నట్టు ఉంటుంది, ఆయనకీ ఊపిరాడుతుంది. అయినా ఆగకపోతే అప్పుడు లాయర్ గారు చెప్పినట్టు రాతపూర్వకంగానే పోవాలి. ఆ పిల్లలకి బంధువులు ఎవరూ లేని గదిలో నువ్వున్నావు, చూసి ఊరుకోకు.

ఇంకొకటి, నువ్వు ఇంటికెళ్లాక ఎవరితో అయినా మాట్లాడు. పిల్లల పేర్లు చెప్పకు, నీకు ఎలా అనిపించిందో చెప్పు. నేను మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా బీపీ తెచ్చుకున్నాను.

షిఫ్ట్3 జవాబు

అందరూ చెప్పింది బాగుంది గానీ, నేను ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాడిని కాబట్టి అడుగుతున్నా. 17 ఏళ్ల 11 నెలలవాడు, జిమ్ చేసిన ఒళ్లు, పగిలిన టైల్ ముక్క పట్టుకుని పక్కవాడి మీదికి వెళ్తుంటే కవరు, వేలిముద్ర అంటూ కూర్చుంటామా? నా చేతికి ఆరు కుట్లు పడ్డాయి, ఫోటో పెట్టను గానీ అబద్ధం కాదు. పిల్లలే కాదనను, కానీ మన ప్రాణం కూడా ప్రాణమే.

తమ్ముడికి నేను చెప్పేది ఇది. ఆపడం వేరు, కొట్టడం వేరు. టైల్ ముక్క ఉన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగడం నీ డ్యూటీ, ముక్క కింద పడ్డాక కూడా ఒకటి తగిలించావంటే అది నీ కోపం. ఒక్కడివే మధ్యలోకి దూరకు, ఎప్పుడూ. ముందు గట్టిగా పేరు పెట్టి పిలువు, చాలాసార్లు పేరు వినబడగానే సగం ఆగుతారు. చుట్టూ చేరి చూస్తున్నవాళ్లని బయటికి పంపు. చూసేవాళ్లు లేకపోతే కొట్లాటకి ఊపు ఉండదు, ఇది నేను వందసార్లు చూశాను. గేటు దగ్గర కాపలా అన్నని కేక వేయి. తర్వాత ఇద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి, దెబ్బలు ఉంటే డాక్టర్‌కి చూపించి, ఇద్దరి మాటలూ రాసుకో. తెల్లారాక ఆ టైల్ ఎక్కడ పగిలిందో వెతికి రిపేర్ చేయించమని రాయి, మేం రాయలేదు, అదే చోట ఇంకో ముక్క తీశారు.

ఉద్యోగం మానేయాలా అన్నావు కదా, నేను కూడా ఇక్కడే ఉంటూ చదువుకుంటున్నా. తెలంగాణలో 2022 డిసెంబర్‌లో పడిన 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్‌లో మన శాఖవి డిస్ట్రిక్ట్ ప్రొబేషన్ ఆఫీసర్ గ్రేడ్-2 పోస్టులు ఉన్నాయి. నువ్వు రోజూ చూసే పనికి అది పై మెట్టు. కాంట్రాక్ట్ జీతంతో జీవితాంతం గడవదు, అది నిజం. కానీ దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేస్తూ రెండేళ్లు నిలబడితే ఈ అనుభవం వేరే ఎక్కడా దొరకదు.

పాతకాపు_సూపర్‌వైజర్ జవాబు

షిఫ్ట్3 బాబూ, చెయ్యి జాగ్రత్త. నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నేను ఆ తేడా చెప్పకుండా వదిలేశాను. ఆపడానికి పట్టుకున్న పట్టు పిల్లలకి అర్థమవుతుంది, దానికి పగ పెట్టుకోరు. పక్కనున్నవాళ్లు కూడా సార్ కాపాడాడనే అనుకుంటారు.

స్టీరింగ్_అన్న జవాబు

నేను సూపర్‌వైజర్‌ని కాదు. నేను లోపల ఉన్నవాడిని. 16 ఏళ్లప్పుడు దోస్తులతో కలిసి బైక్ ఎత్తుకొచ్చిన కేసు, మూడు నెలల పైన ఉన్నా. ఇప్పుడు లారీ నడుపుతా, పెళ్లైంది, పాప ఉంది. నా భార్యకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

అన్నా, నువ్వు ఆ పిల్లాడు నీ వైపు చూశాడన్నావు కదా. నేను చెప్తా ఎందుకు చూశాడో. కొట్టేవాడు కొడతాడు, అది ఇంట్లో, స్టేషన్‌లో, అంతటా చూసిందే. పక్కన ఉన్నవాడు ఏం చేస్తాడో అని చూస్తారు. నువ్వు ఎలాంటోడివో వాడు ఆ రాత్రే లెక్క కట్టుకుంటాడు.

మా దగ్గర ఒక సార్ ఉండేవాడు. మంచిగా మాట్లాడేవాడు కూడా కాదు, నవ్వేవాడు కాదు, సిగరెట్ ముక్క దొరికితే వదిలేవాడు కాదు. కానీ రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక బుక్ తెరిచి ఒక్కొక్కరి పేరు చదివి చెప్పేవాడు, "నీకు వాయిదా ఇంకా ఆరు రోజులు, నీకు పదకొండు రోజులు, నీ బెయిల్ పేపర్ వచ్చింది, మీ నాయన ఇంకా రాలే". అంతే. లోపల ఉంటే తెలియదన్నా, ఎన్ని రోజులయిందో, ఇంకెన్ని రోజులో ఎవరూ చెప్పరు, పిచ్చి లేస్తది. ఆ సార్ చెప్పిన తేదీ తప్పేది కాదు. తప్పితే "బోర్డు మార్చింది, కొత్త తేదీ ఇది" అని మళ్లీ వచ్చి చెప్పేవాడు. ఆ సార్ డ్యూటీ ఉన్న రాత్రి మా డార్మిటరీలో గొడవలు ఉండేవి కావు. వేరే సార్ ఉంటే అన్నీ అవే. ఆ సార్‌కి కోపం తెప్పించి ఆ బుక్ చదవకుండా పోతాడేమో అని మాకు భయం.

పెద్దాయన కవరు గురించి రాసింది చదివి ఏడుపొచ్చింది. నా మొలతాడుకు మా నాయనమ్మ కట్టిన రాగి బిళ్ల ఉండేది. ఇయ్యలేదు నాకు తిరిగి. అడిగితే "ఏం బిళ్లరా" అన్నారు.

కొత్తసార్_25 జవాబు

అందరికీ ఏమని చెప్పాలో తెలియడం లేదు. మూడు రోజులుగా రాలేకపోయాను, క్షమించండి.

ఫోన్ సంగతి లాయర్ గారు చెప్పిన రోజే రాసి ఇచ్చాను. చేతులు వణికాయి. సూపరింటెండెంట్ మేడమ్ చదివి చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత మెమో ఇచ్చారు, ఆ నంబర్లు పోలీసులకి పంపిస్తామన్నారు. వెళ్తుంటే పిలిచి "నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి ఇంతటితో ఆపుతున్నా" అన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. ఆ అబ్బాయి వాళ్లమ్మకి ఆఫీసు ఫోన్ నుంచి చేయించాం. నిజంగానే ఆమెకి తెలియదు. కూలి పనికి వేరే జిల్లాకి వెళ్లి ఉంది, కొడుకు హైదరాబాద్‌లో పనిలో ఉన్నాడనే అనుకుంటోంది.

సీనియర్‌తో అక్క చెప్పినట్టే మాట్లాడాను. కాసేపు నన్ను చూసి "సరే, నీ ఇష్టం" అన్నారు. నిన్న రాత్రి ఇద్దరు కొత్త పిల్లలు వచ్చారు, ఆయన పేపర్లు చూశారు, నేను బట్టలు మార్పించాను. ఒకడు అరగంట మొండికేశాడు, రెండోవాడు వేసిన వేలిముద్ర చూసి ఇచ్చేశాడు. సీనియర్ పక్కనుంచి చూస్తూనే ఉన్నారు, ఏమీ అనలేదు.

మొన్నటి పిల్లాడి మొలతాడు తెగిపోయింది కదా. డస్ట్‌బిన్‌లో లేదు, స్వీపర్ అమ్మని అడిగితే ఊడ్చినప్పుడు చూశానంది, గోడ పక్కన చెత్తకుప్పలో వెతికితే దొరికింది. నల్లతాడు, రెండు ముక్కలు, ఒక చిన్న వెండి గంట. కవర్లో పెట్టి వాడి ముందే అంటించాను. వాడు వేలిముద్ర వేయనన్నాడు, పేరు రాయడం వచ్చట, పెన్ను అడిగి తీసుకుని పేరు రాశాడు. నాతో ఏమీ మాట్లాడలేదు.

చిన్న నోట్‌బుక్ కొన్నాను, 38 పేర్లు రాశాను, ఇప్పుడు 40. బెయిల్ వచ్చి ఏడు రోజులు దాటినవాళ్లు ఇద్దరు తేలారు, ప్రొబేషన్ ఆఫీసర్ సార్‌కి ఆ తేదీలు చూపించాను, సోమవారం బోర్డు ముందు పెడతామన్నారు. స్టీరింగ్ అన్నా, నిన్న రాత్రి అన్నాల తర్వాత తేదీలు చదివాను. మొదట నవ్వారు, నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరి తేదీలు నా దగ్గర లేవు, రేపు కనుక్కుని చెబుతానన్నాను. అవి పొద్దున ఆఫీసులో అడిగి రాసుకున్నాను. ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నా.